సేవ్ నొక్కే ముందు

లాగిన్ అవ్వగానే బ్రౌజర్‌లో ఓ చిన్న గడి తెరుచుకుంటుంది. ‘పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా?’ అని అడుగుతుంది. పని తొందరలో ఉంటే సరే అనేస్తాం. భయం వేస్తే వద్దంటాం, గుర్తుండాలి కాబట్టి అన్ని సైట్లకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటాం. రెండింట్లో ఏదీ ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదు. సేవ్ చేసిన పాస్‌వర్డ్ ఎక్కడికి వెళ్తుంది, దాన్ని ఎవరు తెరవగలరు అన్నది తెలుసుకుంటే ఆ ప్రశ్నకి ఎవరి జవాబు వాళ్లే చెప్పుకోవచ్చు.

2022 మే 24న తమ నెట్‌వర్క్‌లో ఎవరో తిరుగుతున్నారని సిస్కో సంస్థ గుర్తించింది. ప్రపంచమంతటా ఆఫీసుల్లో ఇంటర్నెట్‌ని నడిపించే రౌటర్లు, స్విచ్‌లు తయారుచేసే కంపెనీ అది. నెట్‌వర్క్ భద్రత కూడా దాని వ్యాపారమే. ఆగస్టు 10న ఆ సంస్థే జరిగింది జరిగినట్టు బయటపెట్టింది. దొంగలు ముందుగా పట్టుకున్నది సిస్కో సర్వర్‌ని కాదు, ఒక ఉద్యోగి సొంత గూగుల్ ఖాతాని. ఆ ఉద్యోగి క్రోమ్‌లో సింక్ ఆన్ చేసుకుని, ఆఫీసు పాస్‌వర్డ్‌ని కూడా అందులోనే సేవ్ చేసుకున్నారు. సింక్ ఉంటే ఒకచోట సేవ్ చేసింది ఆ ఖాతాతో తెరిచిన ప్రతి పరికరంలోకీ వెళ్తుంది. సొంత ఖాతా పోవడంతో దాంతోపాటే ఆఫీసు పాస్‌వర్డూ పోయింది.

అప్పటికింకా రెండో కాపలా మిగిలే ఉంది. లాగిన్‌ని ఆమోదించమని ఫోన్‌కి వచ్చే సందేశం అది. దాన్ని దాటడానికి దొంగలు నమ్మకమైన సంస్థల సహాయ సిబ్బందిలా ఫోన్లు చేశారు. ఆమోదం కోరే సందేశాలు ఒకదాని వెంట ఒకటి పంపి విసిగించారు. చివరికి ఒకదానికి ఆమోదం దొరికింది. ఆ తర్వాత తమ సొంత పరికరాలనే ఆ ఖాతాకి జతచేసుకున్నారు.

మరుసటి ఏడాది ఇలాంటిదే ఆక్టాలో జరిగింది. ఎన్నో కంపెనీల ఉద్యోగుల లాగిన్‌లని నిర్వహించే సంస్థ ఆక్టా. 2023 సెప్టెంబరు 28 నుంచి అక్టోబరు 17 వరకు దాని కస్టమర్ సపోర్ట్ వ్యవస్థలో దొంగలు ఉన్నారు. 134 ఖాతాదారు సంస్థలకి చెందిన ఫైళ్లు వాళ్ల చేతికి చిక్కాయి. మూలం వెతికితే తేలింది ఇది: ఒక ఉద్యోగి ఆఫీసు ల్యాప్‌టాప్‌లోని క్రోమ్‌లో తన సొంత గూగుల్ ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యారు. ఆఫీసు వ్యవస్థకి చెందిన ఒక సర్వీస్ ఖాతా పాస్‌వర్డ్ ఆ సొంత ఖాతాలో సేవ్ అయి ఉంది. ఉద్యోగి సొంత ఖాతాగానీ సొంత పరికరంగానీ దొంగల వశమై ఉంటుందన్నది ఆక్టా అంచనా. తర్వాత ఆ సంస్థ తన ల్యాప్‌టాప్‌లలో సొంత గూగుల్ ప్రొఫైల్ వాడకుండా అడ్డుకట్ట వేసింది.

మాదాపూర్, గచ్చిబౌలి టవర్లలో పనిచేసే మనవాళ్లకీ, ఇంటి నుంచి పనిచేసే వాళ్లకీ ఈ రెండు కథలూ దగ్గరివే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత జీమెయిల్ తెరవడం, అదే బ్రౌజర్‌లో ఆఫీసు పోర్టల్‌కి లాగిన్ కావడం, గడి కనిపించగానే సేవ్ నొక్కడం రోజూ జరిగేవే. ఈ రెండు సంస్థల్లోనూ క్రోమ్ ఎన్‌క్రిప్షన్‌ని ఎవరూ ఛేదించలేదు. పాస్‌వర్డ్ ఉండకూడని చోట ఉంది, అంతే.

లోపల ఏం జరుగుతుంది?

విండోస్ కంప్యూటర్‌లో క్రోమ్ పాస్‌వర్డ్‌లని ‘లాగిన్ డేటా’ అనే ఫైల్‌లో పెడుతుంది. అది మామూలు డేటాబేస్ ఫైల్. అందులో సైట్ చిరునామా, యూజర్‌నేమ్ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. పాస్‌వర్డ్‌ని మాత్రం ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే సంకేతాల్లోకి మార్చేస్తుంది. దానికి వాడే ఏఈఎస్-256 పద్ధతి బ్యాంకులు కూడా నమ్ముకునేంత గట్టిది. 2020లో వచ్చిన క్రోమ్ 80 నుంచి ఈ ఏర్పాటు ఉంది.

ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్‌కైనా దాన్ని విప్పే కీ ఒకటి ఉండాలి. ఆ కీని క్రోమ్ విండోస్‌కి అప్పగిస్తుంది. విండోస్‌లో దీనికోసమే డీపీఏపీఐ అనే సదుపాయం ఉంది. అది ఆ కీని మీ విండోస్ లాగిన్‌తో ముడిపెడుతుంది. ఆ ఫైల్‌ని ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే కంప్యూటర్‌లో తెరిస్తే పాస్‌వర్డ్‌లు రావు. అదే కంప్యూటర్‌లో వేరే యూజర్‌గా లాగిన్ అయినవాళ్లకీ మామూలుగా అందవు. ఇది మంచి రక్షణే. మ్యాక్‌లో ఇదే పని కీచెయిన్ చేస్తుంది.

ఫైర్‌ఫాక్స్ దారి వేరు. అది యూజర్‌నేమ్‌ని కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. కానీ ‘ప్రైమరీ పాస్‌వర్డ్’ మనం పెట్టుకోకపోతే విప్పే కీ కూడా అదే ఫోల్డర్‌లో పక్క ఫైల్‌లో ఉంటుంది. బీరువాకి తాళం వేసి, చెవిని దాని పక్కనే మేకుకి తగిలించినట్టు. ఆ ఫోల్డర్‌ని కాపీ చేసుకున్నవాళ్లకి పాస్‌వర్డ్‌లన్నీ దొరుకుతాయి. ప్రైమరీ పాస్‌వర్డ్ పెడితే పరిస్థితి మారుతుంది. అయినా ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లలో చాలామందికి ఆ సెట్టింగ్ ఉందనే తెలియదు.

అసలు చిక్కు ఇక్కడుంది. డీపీఏపీఐకి తెలిసింది ఒక్కటే: ఈ అడుగుతున్నది ఫలానా యూజర్ పేరు మీద నడుస్తున్న ప్రోగ్రామేనా కాదా? అవునంటే కీ ఇచ్చేస్తుంది. అడిగింది క్రోమా, నిన్న రాత్రి పిల్లాడు డౌన్‌లోడ్ చేసిన ఆటలో దాగిన దొంగ ప్రోగ్రామా అన్న తేడా దానికి పట్టదు. మీ పేరుతో లాగిన్ అయి ఉన్న కంప్యూటర్‌లో మీరు చేయగలిగినదంతా మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా చేయగలదు. సేవ్ చేసిన పాస్‌వర్డ్ భద్రత ఆ కంప్యూటర్ శుభ్రతని మించి ఉండదు.

2013 నాటి వాదన

ఈ మాట మీద పెద్ద చర్చే జరిగింది. 2013 ఆగస్టులో ఇలియట్ కెంబర్ అనే డెవలపర్ ఒక విషయం ఎత్తిచూపారు. క్రోమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘షో’ నొక్కితే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో కనిపిస్తున్నాయి, మధ్యలో అడ్డే లేదు. మీ కుర్చీలో రెండు నిమిషాలు ఎవరు కూర్చున్నా చాలు. అప్పట్లో క్రోమ్ భద్రతని చూస్తున్న జస్టిన్ షూ దీనికి జవాబిచ్చారు. మీ యూజర్ ఖాతా మరొకరి చేతికి వెళ్లాక ఆట అయిపోయినట్టే, మధ్యలో ఒక పాస్‌వర్డ్ అడిగితే లేని భద్రత ఉన్నట్టు జనం భ్రమపడతారు అన్నది ఆయన వాదన సారాంశం.

సాంకేతికంగా షూ చెప్పింది నిజమే. కానీ ప్రతి దొంగా నిపుణుడు కాడు. పక్క సీటు మనిషి, రిపేరు షాపు కుర్రాడు, ఇంటికొచ్చిన చుట్టం, విడిపోయిన భాగస్వామి... వీళ్లకి దొంగ ప్రోగ్రాములు రాయడం రాదు, ‘షో’ నొక్కడం మాత్రం వచ్చు. ఆ తర్వాత క్రోమ్ కూడా మారింది. పాస్‌వర్డ్ చూపించే ముందు కంప్యూటర్ లాగిన్‌ని మళ్లీ అడగడం మొదలుపెట్టింది. ఇద్దరి వాదనల్లోనూ మనం పట్టుకోవాల్సింది ఉంది. ఆ అడ్డు పక్కనున్న మనిషిని ఆపుతుంది, లోపల దూరిన ప్రోగ్రామ్‌ని ఆపదు.

లాగ్‌ల బజారు

ఆ ప్రోగ్రాములకి ఇన్ఫోస్టీలర్లు అని పేరు. రెడ్‌లైన్, రకూన్, విడార్, లుమ్మా వీటిలో పేరుమోసినవి. ఇవి తెరని లాక్ చేయవు, డబ్బు కట్టమని బెదిరించవు. బ్రౌజర్‌లో ఉన్న పాస్‌వర్డ్‌లు, కుకీలు, ఆటోఫిల్ వివరాలు, సేవ్ చేసిన కార్డులు అన్నీ మూటగట్టి కొద్ది నిమిషాల్లోనే పంపించేస్తాయి. చాలాసార్లు ఆ తర్వాత తమని తామే చెరిపేసుకుంటాయి. కంప్యూటర్ ఎప్పటిలాగే పనిచేస్తుంది కాబట్టి యజమానికి అనుమానమే రాదు. ఒక్కో కంప్యూటర్ నుంచి తీసిన మూటని ఆ లోకంలో ‘లాగ్’ అంటారు. ఆ లాగ్‌లు టెలిగ్రామ్ గ్రూపుల్లో, చీకటి బజార్లలో అమ్ముడుపోతాయి.

ఆ బజారు ఎంత పెద్దదో జెనెసిస్ మార్కెట్‌ని చూస్తే తెలుస్తుంది. 2023 ఏప్రిల్‌లో ఎఫ్‌బీఐ, వివిధ దేశాల పోలీసులు కలిసి దాన్ని మూయించారు. 15 లక్షలకి పైగా కంప్యూటర్ల నుంచి దొంగిలించిన సమాచారం, 8 కోట్లకి పైగా లాగిన్ వివరాలు అక్కడ అమ్మకానికి వచ్చాయని అమెరికా న్యాయశాఖ చెప్పింది. 2024 అక్టోబరులో రెడ్‌లైన్, మెటా ప్రోగ్రాముల సర్వర్లని డచ్ పోలీసుల నాయకత్వంలో స్వాధీనం చేసుకున్నారు. 2025 మే నెలలో లుమ్మా వంతు వచ్చింది. అంతకుముందు రెండు నెలల్లోనే 3,94,000 విండోస్ కంప్యూటర్లకి లుమ్మా సోకిందని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది.

ఇలాంటి ప్రోగ్రాములు కంప్యూటర్‌లోకి వచ్చే దారులు మనకి కొత్తవేం కావు. డబ్బు కట్టకుండా వాడుకునే ‘క్రాక్’ సాఫ్ట్‌వేర్లు, ఆటల్లో గెలిపించే చీట్‌లు, యూట్యూబ్ వీడియో కింద ఇచ్చే డౌన్‌లోడ్ లింకులు ముఖ్యమైనవి. ఈమధ్య ఇంకో మోసం వచ్చింది. ‘మీరు రోబో కాదని నిరూపించుకోండి’ అంటూ ఒక పేజీ తెరుచుకుంటుంది. విండోస్ మీట, ‘ఆర్’ కలిపి నొక్కి, అక్కడ పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టమంటుంది. చెప్పినట్టు చేస్తే దొంగ ప్రోగ్రామ్‌ని మన చేత్తో మనమే నడిపినట్టు. నిజమైన ఏ సైటూ అలా అడగదు. పిల్లలకి ఈ ఒక్క ముక్క చెప్పినా చాలా ఇళ్లు క్షేమంగా ఉంటాయి.

కుకీల గురించి కూడా చెప్పుకోవాలి. ఒకసారి లాగిన్ అయ్యాక మళ్లీ మళ్లీ అడగకుండా సైట్ బ్రౌజర్‌లో పెట్టే గుర్తే కుకీ. అది దొంగకి దొరికితే పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లో సేవ్ చేయనివాళ్లకీ ఈ ప్రమాదం ఉంది. అందుకే 2024 జులైలో క్రోమ్ 127తో గూగుల్ విండోస్‌లో కొత్త రక్షణ తెచ్చింది. ముందు కుకీలకి మొదలైన ఈ పద్ధతిలో కీని యూజర్‌తోపాటు క్రోమ్ ప్రోగ్రామ్‌తో కూడా ముడిపెడతారు. కొద్ది వారాల్లోనే దాన్ని దాటే మార్గాలు కనిపెట్టామని స్టీలర్ల తయారీదారులు ప్రచారం చేసుకున్నారు. అయినా ఆ శ్రమ వృథా కాలేదు. ఇప్పుడు దొంగ ప్రోగ్రామ్ మరింత అల్లరి చేస్తే తప్ప లోపలికి రాలేదు, అల్లరి ఎక్కువైతే యాంటీవైరస్ కంట పడుతుంది.

అయితే సేవ్ చేయొద్దా?

ఇంతా విన్నాక ఇక సేవ్ చేయనే వద్దనిపిస్తుంది. ఆ తొందర మంచిది కాదు. గుర్తుపెట్టుకుంటాననే మనిషి పెట్టుకునేది పుట్టినరోజు, పిల్లల పేర్లు, బండి నంబరు. పైగా అన్నిచోట్లా అదే. ఒక చిన్న సైట్ నుంచి అది లీకైతే దొంగలు దాన్నే మిగతా సైట్లన్నింటిలో వేసి చూస్తారు. 2023లో అమెరికాలోని జన్యుపరీక్షల సంస్థ 23అండ్‌మీకి జరిగింది అదే. వేరేచోట్ల లీకైన పాస్‌వర్డ్‌లతో సుమారు 14,000 ఖాతాల్లోకి వెళ్లారు. బంధుత్వాలు చూపించే సదుపాయం ద్వారా అక్కడి నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు లాగేశారు. ప్రతి సైట్‌కీ వేరే పొడుగాటి పాస్‌వర్డ్ ఉండాలంటే దాన్ని ఎక్కడో ఒకచోట దాచక తప్పదు. వందల పాస్‌వర్డ్‌లు మనిషి బుర్రలో ఉండవు.

బ్రౌజర్ చేసే మరో మేలు అంతగా చర్చకి రాదు. అది పాస్‌వర్డ్‌ని సైట్ చిరునామాతో కలిపి గుర్తుపెట్టుకుంటుంది. ‘కేవైసీ ఆగిపోయింది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అని వచ్చిన సందేశంలోని లింకు నొక్కారనుకోండి. అచ్చం మన బ్యాంకులాంటి పేజీ వస్తుంది. రంగులు, బొమ్మ అన్నీ అవే. మన కళ్లు మోసపోతాయి, బ్రౌజర్ మోసపోదు. చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉన్నా పాస్‌వర్డ్ నింపదు. రోజూ దానంతటదే వచ్చేది ఇవాళ రాలేదంటే ఆగి చిరునామా చూడాలి.

ఇందులో మన దేశానికి సంబంధించిన మెలిక ఒకటుంది. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లని 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకి మార్చాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ చివరి ముక్క బ్యాంకులకే ఇస్తారు కాబట్టి నకిలీని గుర్తుపట్టడం తేలిక. అయితే పాత చిరునామాతో సేవ్ చేసిన పాస్‌వర్డ్ కొత్త దాంట్లో దానంతటది రాదు. కంగారుపడి సందేశాల్లోని లింకుల జోలికి పోకండి. కొత్త చిరునామాని మీరే టైప్ చేసి, ఒకసారి లాగిన్ అయి, మళ్లీ సేవ్ చేసుకోండి.

నలుగురూ వాడే కంప్యూటర్

సేవ్ నొక్కకూడని చోట్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. మొదటిది నెట్ సెంటర్. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, డీఎస్సీ ఫారం, పాస్‌పోర్టు అపాయింట్‌మెంట్... జిల్లాల్లో ఇవన్నీ చాలావరకు జరిగేది అక్కడే. చాలాచోట్ల పాస్‌వర్డ్ పెట్టేది కూడా సెంటర్ అతనే. అభ్యర్థి పేరు, పక్కన ఎట్ గుర్తు, ఆ పక్కన 123. వెనక వరసలో పదిమంది ఎదురుచూస్తుంటారు, గడి రాగానే సేవ్ నొక్కేస్తాడు. అతను మంచివాడే కావచ్చు. కానీ ఆ కంప్యూటర్‌లో ఎన్ని పెన్‌డ్రైవ్‌లు గుచ్చారో, ఏయే క్రాక్ సాఫ్ట్‌వేర్లు ఎక్కాయో అతనికీ తెలియదు. ఏడాది చదువుకి ఫలితాన్నిచ్చే కాలేజీ ఆప్షన్లు అలాంటి చోట వదిలిపెట్టకూడదు. దరఖాస్తుకి మన ఫోన్ నంబరే ఇవ్వాలి. పని ఇన్‌కాగ్నిటో కిటికీలోనో, గెస్ట్ మోడ్‌లోనో చేయించుకోవాలి. ఇంటికొచ్చాక సొంత ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చుకోవాలి. ఇన్‌కాగ్నిటో కూడా ఆ కంప్యూటర్‌లో ముందే ఉన్న దొంగ ప్రోగ్రామ్‌ని ఆపలేదు, అందుకే ఆ చివరి అడుగు తప్పనిసరి.

రెండోది ఇంట్లో అందరికీ కలిపి ఉన్న ఒక్క ల్యాప్‌టాప్. నాన్న బ్యాంకు ఖాతా, అమ్మ జీతం పోర్టల్, అబ్బాయి ఆటలు ఒకే విండోస్ యూజర్‌లో ఉంటాయి. ఆటతోపాటు వచ్చిన స్టీలర్‌కి అందరి పాస్‌వర్డ్‌లూ ఒక్కచోటే దొరుకుతాయి. పిల్లలకి అడ్మిన్ హక్కులు లేని వేరే యూజర్ ఖాతా చేసి ఇవ్వడం పది నిమిషాల పని.

ఫోన్ కొంత నయం. అక్కడ ఒక యాప్ ఇంకో యాప్ ఫైళ్లలోకి మామూలుగా చూడలేదు. అయితే ట్రాఫిక్ చలానా అనో, ప్రభుత్వ పథకం అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఈ గోడని మన చేతనే తీయిస్తాయి. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చేస్తే తెర మీద కనిపించేది, ఓటీపీగా వచ్చేది దొంగకీ కనిపిస్తుంది.

వేరే యాప్ మేలా? పాస్‌కీ సంగతేంటి?

బిట్‌వార్డెన్, 1పాస్‌వర్డ్, కీపాస్ లాంటి ప్రత్యేక పాస్‌వర్డ్ మేనేజర్లు విప్పే కీని విండోస్ లాగిన్‌కి వదిలేయకుండా మన మాస్టర్ పాస్‌వర్డ్‌తో ముడిపెడతాయి. తాళం వేసి ఉన్నంతసేపు స్టీలర్‌కి దొరికేది సంకేతాల మూట మాత్రమే. ఎక్కువ ఖాతాలున్నవాళ్లకి, ఆఫీసు బాధ్యతలున్నవాళ్లకి ఇవే మేలు. అలాగని ఇవి అభేద్యం కావు. 2022లో ఇలాంటి మేనేజర్నే నడిపే లాస్ట్‌పాస్ సంస్థ నుంచి ఖాతాదారుల వాల్ట్‌ల, అంటే పాస్‌వర్డ్ మూటల, కాపీలు పోయాయి. దొంగలు అక్కడికి చేరింది ఒక సీనియర్ ఇంజినీర్ ఇంటి కంప్యూటర్ ద్వారా. అందులోని పాత మీడియా సాఫ్ట్‌వేర్ లోపంతో లోపలికి దూరి, అక్కడ టైప్ చేసే అక్షరాలని పట్టుకున్నారు. సిస్కో, ఆక్టా, లాస్ట్‌పాస్... మూడింట్లోనూ దారి ఉద్యోగి సొంత జీవితం వైపు నుంచే తెరుచుకుంది.

పాస్‌వర్డ్ అనేదే లేకుండా చేయాలన్న ప్రయత్నం పాస్‌కీ. 2022 మేలో యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ దీనికి మద్దతు ప్రకటించాయి. వేలిముద్రో, ముఖమో చూపిస్తే ఫోన్ లోపలి రహస్య కీ మన తరఫున సంతకం చేస్తుంది. ఆ కీ సైట్‌కి వెళ్లదు, కాబట్టి సైట్ నుంచి లీకయ్యేదీ లేదు, నకిలీ పేజీలో టైప్ చేసేదీ లేదు. మీ జీమెయిల్‌కి ఇవాళే పెట్టుకోవచ్చు.

ఈ ఆదివారం అరగంట

* ముందు ఈమెయిల్ ఖాతాని భద్రం చేయండి. పాస్‌కీగానీ, రెండంచెల లాగిన్‌గానీ పెట్టండి. మిగతా ఖాతాలన్నింటి ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ అక్కడికే వస్తుంది.
* ఈమెయిల్, బ్యాంకు, డీమ్యాట్ పాస్‌వర్డ్‌లు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలి.
* క్రోమ్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్‌లో ‘చెకప్’ నడపండి. లీకైనవి, రెండుచోట్ల వాడినవి చూపిస్తుంది. వాటిని మార్చండి.
* విండోస్‌లో క్రోమ్ వాడేవాళ్లు, పాస్‌వర్డ్ నింపే ముందు విండోస్ హలో (పిన్, వేలిముద్ర లేదా ముఖం) అడిగే సెట్టింగ్ ఆన్ చేసుకోండి. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోండి.
* గూగుల్ ఖాతాలో ‘యువర్ డివైసెస్’ చూడండి. అమ్మేసిన ఫోన్, వదిలేసిన ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంకా ఉంటే సైన్ అవుట్ చేయండి.
* ఆఫీసు పాస్‌వర్డ్ సొంత ప్రొఫైల్‌లో ఉంటే తీసేయండి. ఆఫీసు బ్రౌజర్‌లో ఆఫీసు ఖాతా మాత్రమే ఉంచండి.
* పాస్‌వర్డ్‌లని వేరే యాప్‌లోకి మార్చడానికి ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే ఫైల్‌లో అన్నీ మామూలు అక్షరాల్లో ఉంటాయి. పని కాగానే దాన్ని డౌన్‌లోడ్స్ నుంచి, రీసైకిల్ బిన్ నుంచి తొలగించండి.
* స్టీలర్ వచ్చిందని అనుమానం ఉంటే అదే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లు మార్చకండి. వేరే శుభ్రమైన పరికరం నుంచి అన్నిచోట్లా లాగౌట్ చేసి, ఆ తర్వాత మార్చండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సొంత కంప్యూటర్, దానికి లాగిన్ పాస్‌వర్డ్, అప్‌డేట్లు, క్రాక్ సాఫ్ట్‌వేర్లు లేకపోవడం, రెండంచెల రక్షణ ఉన్న ఈమెయిల్... ఇవన్నీ ఉన్నచోట బ్రౌజర్‌లో సేవ్ చేసుకోవడం మామూలు కుటుంబానికి మంచి నిర్ణయమే. అన్ని ఖాతాలకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోవడం కన్నా, డైరీ చివరి పేజీలో రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకోవడం కన్నా ఎన్నో రెట్లు నయం. కంప్యూటర్ మనది కానిచోట, ఖాతా మనది కానిచోట మాత్రం వద్దనే చెప్పాలి.

ఈ తేడా తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. కానీ తెలియనివాళ్లకి చెప్పేవాళ్లుండాలి. పింఛను డబ్బు ఫోన్‌లో చూసుకునే తాతయ్యకీ, డ్వాక్రా లెక్కలు ఆన్‌లైన్‌లో ఎక్కించే అక్కకీ ఆ చిన్న గడిలోని ఇంగ్లీషు వాక్యం ఏం అడుగుతోందో ఎవరూ విడమరిచి చెప్పలేదు. అమలాపురంలో ఉన్నా, అమెరికాలో ఉన్నా ప్రతి కుటుంబంలో ఈ సంగతులు తెలిసినవాళ్లు ఒకరుంటారు. సెలవు రోజున వాళ్లు ఓ అరగంట అమ్మానాన్నల పక్కన కూర్చోవాలి, దూరంలో ఉంటే వీడియో కాల్ చేయాలి. పాస్‌వర్డ్ చెప్పమని అడగకుండా, వాళ్ల చేతే మార్పించి, వాళ్ల చేతే సేవ్ చేయించాలి. ఆ పెద్దవాళ్ల కష్టార్జితానికి పిల్లలు ఇవ్వగల కాపలా అది.